స్వామికి పెట్టిన చిక్కీ

మదనపల్లెలో మా ఇంటి ముందు పొద్దున్నే పసుపుపచ్చ స్కూలు వ్యాన్లు వచ్చి ఆగుతాయి. గేటు దాటి నాలుగు అడుగులు వేస్తే వ్యాను, వ్యాను దిగి నాలుగు అడుగులు వేస్తే క్లాసు. పిల్లల బూట్లకు మట్టన్నది అంటదు. చూసి ముచ్చటపడతాను, కాసేపటికి కొంచెం జాలి కూడా పడతాను. జాలి దేనికని మా ఆవిడ అడుగుతుంది. సమాధానం చెప్పడం మొదలుపెడితే కాఫీ చల్లారిపోతుంది. అందుకే ఈసారి రాసి పెట్టేస్తున్నాను. మీలో కొత్తగా అడవి ఉద్యోగంలో చేరినవాళ్ళుంటే కాస్త జాగ్రత్తగా చదవండి. మిగతావాళ్ళు నవ్వుకుంటూ చదివినా నాకు అభ్యంతరం లేదు.

నేను చదివింది పుంగనూరు హైస్కూల్లో. పల్లె నుంచి రోజూ నడకే. చెప్పులు అరిగిపోతాయని సగం దూరం చేతిలో పట్టుకుని నడిచేవాళ్ళం. చింతచెట్ల కింద ఆగి చిగురు నమిలేవాళ్ళం. సీతాఫలాల కాలంలో పండిన కాయను ఎవరు ముందు కనిపెడితే అది వాళ్ళది. ఎదురొచ్చే పొట్టి ఆవుల మందలో దూడ వీపు మీద ఒక దెబ్బ చరిచి పరుగెత్తడం మాకు రోజూ ఉండే పండగ. ఎక్కాలు వల్లించింది ఆ దారిలోనే, కొట్టుకున్నది అక్కడే, కలిసిపోయిందీ అక్కడే. బడిలో ఏం చెప్పారో చాలావరకు మర్చిపోయాను కానీ ఏ మలుపులో ఎవరు జారిపడి పలక పగలగొట్టుకున్నారో ఇప్పటికీ చెప్పగలను.

తర్వాత అటవీ శాఖలో చేరాను. బీటు ఆఫీసరు అంటే పేరు ఘనంగానే ఉంటుంది. తనకు అప్పగించిన అడవి ముక్కను కాలినడకన కాపలా కాసేవాడని దానర్థం. కొన్నాళ్ళు హార్స్లీ హిల్స్ మీద చేశాను. అక్కడ జంతువుల కంటే మనుషులతోనే పని, ముఖ్యంగా వాళ్ళు తాగి పారేసిన సీసాలతో. మదనపల్లె చుట్టుపక్కల చేశాను, పుంగనూరులో చేశాను. సర్వీసు చివరికొచ్చాక కుప్పం పక్కకు పంపారు. అక్కడ ఏనుగులున్నాయి. మూడు రాష్ట్రాల అడవులు కలిసే చోటు కదా, వాటికి సరిహద్దుతో పనిలేదు. ఈ రాత్రి తమిళనాడు, రేపు మన రాగి చేను.

నా బీటులో అడవి అంచున ఒక చిన్న పల్లె ఉండేది. అక్కడి పిల్లలు పక్క ఊరి బడికి అడవి వెంట కాలిబాటన నడిచి వెళ్ళేవాళ్ళు. ఓ పది మంది ఉంటారేమో. వంక దాటాలి, చెట్ల మధ్య కాస్త నడవాలి, ఒక పెద్ద బండ పక్కగా మలుపు తిరగాలి. రోడ్డు లేదని కాదు, ఉంది. అది కొండ చుట్టూ తిరిగి వెళుతుంది. ఆ రోడ్డు మీదికి బస్సు రాదు, పిల్లల కోసం ఆటోవాడు అంత దూరం రాడు. అంటే ఆ పిల్లలకు కాలిబాట ఉంటేనే బడి.

తెల్లవారగానే నేనూ మా వాచరూ ఆ బాట చూసి వచ్చేవాళ్ళం. వాచరు ఆ పల్లె మనిషే. నాకంటే పెద్దవాడు, భుజం మీద తువ్వాలు లేకుండా ఎప్పుడూ చూడలేదు. అడుగుజాడలు, లద్దెలు, విరిగిన కొమ్మలు చూసుకుని, బాట బాగుంటే పిల్లల్ని కదలమనేవాళ్ళం. అనుమానంగా ఉంటే మేం ముందు నడిచి వదిలి వచ్చేవాళ్ళం. సాయంత్రం వాచరు బడి నుంచి బండ దాకా తోడు వచ్చి, రాత్రి గస్తీకి వెనుదిరిగేవాడు. అక్కడి నుంచి పల్లె ఇళ్ళు కనిపిస్తాయి కాబట్టి మిగతా దూరం వాళ్ళే పరుగున పోయేవాళ్ళు.

చేరిన కొత్తలో ఒకసారి బాట మీద నిలబడి, "రాత్రి ఈ ఏనుగు ఎటు పోయింది?" అని వాచరును అడిగాను. ఆయన నా నోరు మూసినంత పని చేశాడు.

"ఈడ ఆ పేరెత్తొద్దు సార్. పేరు పెట్టి పిలిస్తే వచ్చేస్తాడు. సామి అనండి."

అప్పటి నుంచి నేను కూడా సామి అనే అన్నాను. ఊళ్ళోకి పోతే ఊరి మాట మాట్లాడాలి కదా.

ఆ యేడు వినాయక చవితి వెళ్ళిన కొద్ది రోజులకు ఒంటి మగ ఏనుగు ఒకటి మా వైపు వచ్చింది. పక్క ఊళ్ళో ఒక పాక కూల్చింది, చెరకు తొక్కింది. మర్నాడు పొద్దున పిల్లలు వంక దగ్గర నిలబడి కదలరు. చిన్నపిల్ల ఒకతి ఏడుపు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి దాన్ని ఎత్తుకుని సముదాయిస్తోంది. ఈ పెద్ద పిల్లే ఆ గుంపుకంతా నాయకురాలు. వాళ్ళమ్మానాన్నా బెంగుళూరులో కూలి పనికి పోయారు, అవ్వ దగ్గర ఉండి చదువుకుంటోంది. ఏడుపు మాన్పించాలని నేనో మాటన్నాను.

"యాల ఏడుస్తావు పాపా? చవితికి సామికి ఉండ్రాళ్ళు పెట్టినారా లేదా?"

"పెట్టినాం సార్."

"గుంజిళ్ళు తీసినారా?"

"తీసినాం."

"ఇంకేం మరి! పెట్టినోళ్ళ జోలికి సామి రాడు. మొక్కుకోని పదండి."

ఏడుస్తున్న పిల్ల కూడా నవ్వింది. నడిచారు. పిల్లలతో మాట్లాడటం నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆ రోజంతా మురిసిపోయాను.

సాధారణంగా ఒంటి ఏనుగు ఒక చోట ఎక్కువ కాలం ఉండదు. తిండి ఉన్నన్నాళ్ళు ఉంటుంది, తర్వాత కదిలిపోతుంది. ఇది కదల్లేదు. చలికాలం వచ్చింది, రాగి కుప్పలు నూర్చి ఇళ్ళకు చేర్చారు, పొలాల్లో గడ్డి తప్ప మరేం లేదు. అయినా రెండు మూడు రోజులకోసారి ఆ బండ దగ్గరే దాని అడుగులు కనిపించేవి. పనస లేదు, మామిడి లేదు, నీళ్ళు కూడా అక్కడ లేవు. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు ఇంత అర్థంకాని ఏనుగు తగల్లేదు. వాచరు ఒకరోజు బండ మొదట్లో వంగి చూసి, "ఈడ సీమలు జాస్తిగా ఉండాయి సార్" అన్నాడు. చీమలు లేని బండ ఎక్కడుందని నేను కొట్టిపారేశాను.

విషయం రేంజరు గారి దాకా వెళ్ళింది. ఆయన వయసులో చిన్నవాడు, మనిషి మంచివాడు. మంచివాడు కాబట్టే భయపడ్డాడు.

"పిల్లల ప్రాణాల మీదికొస్తే ఎవరు జవాబు చెప్తారండీ? సోమవారం నుంచి ఆ బాట మూసేయండి. రోడ్డు మీద వెళ్ళమనండి."

ఆ మాట పల్లెలో చెప్పడానికి వెళ్తే పెద్ద పిల్ల అవ్వ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తకుండానే విన్నది.

"నా కొడుకు ముందే సెప్పినాడప్పా. దావ మూసేస్తే వచ్చి పిల్లను పిలుచుకోని పోతానన్నాడు."

"పోనీలే అవ్వా, బెంగుళూరులోనూ బడులుంటాయి గదా?"

"బడా? ఆడ సిన్నోడుండాడు. మొగుడూ పెండ్లాం ఇద్దురూ పనికి పోతే వాన్ని సూసుకోను మనిషి గావాల. దీన్ని బడికెవురు పంపిస్తారు?"

పిల్ల లోపల్నుంచి అన్నీ వింటోంది. తలుపు సందులోంచి నన్ను చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. ఆ చూపులో కోపం లేదు. నన్నేదో చేయమని అడుగుతున్నట్టు ఉంది. నేనేం చేయగలను, మూసేయమన్న ఉత్తర్వు పట్టుకొచ్చినవాణ్ణి.

మూసేలోపు ఒక్కసారైనా ఆ ఏనుగు అక్కడికి ఎందుకొస్తోందో కనిపెడదామనిపించింది. శనివారం సాయంత్రం బడి వదిలే వేళకు బండకు ఎదురుగా పొదల వెనక కూర్చున్నాను. వాచరు ఎప్పటిలాగే పిల్లల్ని బండ దాకా తీసుకొచ్చి వెనక్కి తిరిగాడు. ఆయన కనుమరుగయ్యేదాకా పిల్లలు పరుగెత్తకుండా నిలబడ్డారు. తర్వాత పెద్ద పిల్ల అటూ ఇటూ చూసి సంచిలోంచి టేకాకు తీసి బండ మీద పరిచింది. అక్కడొక చిన్న రాయి ఉంది, పసుపు పూసి, బొట్టు పెట్టి. ఇన్నాళ్ళు ఆ బండ పక్కనే తిరుగుతూ నేను దాన్ని చూడలేదంటే నా కళ్ళు ఎంత గొప్పవో మీరే ఆలోచించండి.

పిల్లలు ఒక్కొక్కరే సంచుల్లోంచి ఏదో తీసి ఆకు మీద పెట్టారు. బడిలో మధ్యాహ్నం అన్నంతో పాటు ఇచ్చే వేరుశనగ చిక్కీ. ఒకరు సగం, ఒకరు పావు. పెద్ద పిల్ల మాత్రం కాగితం విప్పి చిక్కీ మొత్తం పెట్టింది. తర్వాత అందరూ చెవులు పట్టుకుని గుంజిళ్ళు తీశారు. చిన్నపిల్ల బ్యాలెన్సు తప్పి కూలబడితే పక్కవాడు లేవదీసి మళ్ళీ తీయించాడు.

నాకు నవ్వాగలేదు. చేత్తో నోరు మూసుకున్నాను. సరిగ్గా అప్పుడే వాళ్ళ వెనక చెట్ల నీడలో ఒక చెవి కదిలింది.

అది అక్కడే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. పిల్లలు మొక్కు ముగించేదాకా కదలకుండా, చప్పుడు చేయకుండా, వడ్డన కోసం పంక్తిలో కూర్చున్న పెద్దమనిషిలా ఓపికగా నిలబడి ఉంది. అరిస్తే అది బెదురుతుంది, బెదిరితే ముందున్నది పిల్లలు. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. నోరు తెరవకుండా నేను కూడా ఆ వినాయకుడికే మొక్కుకున్నాను. పిల్లలు చేతులు దులుపుకుని కేకలేసుకుంటూ పల్లె వైపు పరుగెత్తారు. వాళ్ళు ఇళ్ళ దగ్గరికి చేరాక అది బయటికొచ్చింది. తొండంతో ఒక్కో ముక్క ఏరుకుని తిని, ఆకును కూడా తిని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే బడి హెడ్ మేడానికి ఫోన్ చేశాను. మర్నాడు ఆదివారమైనా ఆమె కుప్పం నుంచి వచ్చారు. గట్టి మనిషి, పిల్లల విషయంలో ఎవరినైనా నిలదీస్తారు. పిల్లలందర్నీ బడి వరండాలో కూర్చోబెట్టాం. నేను గంభీరంగా మొదలుపెట్టాను.

"ఎన్నాళ్ళ నుంచి పెడతాండారు?"

"మీరు సెప్పినప్పటి నుంచి సార్" అంది పెద్ద పిల్ల.

"నేనా?"

"మీరే గదా సార్, పెట్టినోళ్ళ జోలికి సామి రాడంటిరి."

వాచరు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు. హెడ్ మేడం నా వైపు ఇంటి పని చేయని పిల్లవాణ్ణి చూసినట్టు చూశారు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, నేను చేసిన పని అక్షరాలా అదే.

"మీరు పెడతాండారు కాబట్టే ఆయన వస్తాండాడు పాపా!"

"వస్తాండాడు సార్, నిజమే. ఎవుర్నన్నా ఏమన్నా సేసినాడా? ముందర పాక కూల్సినాడు, సెరుకు తొక్కినాడు. మేము పెట్టినప్పటి నుంచి ఒక్క ఆకు ముట్టుకున్నాడా?"

ఆలోచించాను. ముట్టుకోలేదు. దేవుడు కాదని చెప్పలేను, దేవుడే అనీ చెప్పలేను.

మధ్యలో చిన్నపిల్ల కల్పించుకుంది. "మేము సగం తిని సగం పెడతాం మేడం. అక్క మొత్తం పెట్టేస్తాది."

హెడ్ మేడం పెద్ద పిల్ల వైపు తిరిగారు. "నువ్వు తినవా?"

"లేదు మేడం."

"ఒక్కసారి కూడానా?"

"వాసన సూస్తాను మేడం." ఆ పిల్ల తల దించుకుంది. "సామికి కోపమొచ్చి దావ మూసేస్తే నన్ను బెంగుళూరికి పిలుచుకోని పోతారు. వీళ్ళకి అట్లాంటిది ఏమీ లేదు గదా, సగం సాలు. నాది మొత్తం."

హెడ్ మేడం లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డారు. దాచుకోవడమెందుకు, నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. బాట తెరిచి ఉంచమని ఆ పిల్ల రోజూ నోటి దగ్గర ముద్ద తీసి పెడుతోంది, ఆ ముద్ద వల్లే బాట మూతపడబోతోంది. ఈ సంగతి దానికి ఎలా చెప్పాలి?

చెప్పింది వాచరు. పిల్లల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అది సరే పాపా, సవితికి ఇంట్లో పెట్టిన సామిని ఎన్నాళ్ళు పెట్టుకుంటారు?"

"మూడు దినాలు."

"తరవాత?"

"నీళ్ళల్లో వదిలేస్తాం."

"వదలకుండా ఇంట్లోనే పెట్టుకుంటే?"

"అట్ల పెట్టుకోకూడదు. తప్పు."

"మరి ఈ సామిని ఇన్ని నెలలు సాగనంపకుండా నిలబెట్టేస్తిరే! ఆయన వాళ్ళింటికి యెప్పుడు పోవాల? వాళ్ళమ్మ ఎదురుసూడదా?"

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చివరికి పెద్ద పిల్లే, "తప్పే తాతా" అని ఒప్పుకుంది.

రేంజరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను, నా మాట సంగతి కూడా. ఆయన నవ్వి, వెంటనే నవ్వు ఆపుకుని, "ఒక్కరోజు చూద్దాం. ఏ మాత్రం తేడా వచ్చినా మూసేస్తాం" అన్నారు.

సోమవారం పొద్దున నిమజ్జనం జరిగింది. బడి అన్నానికి తెచ్చుకునే పళ్ళేలే తప్పెట్లు, గరిటెలే పుల్లలు. పసుపు రాయిని ఆ పిల్ల తల మీద పెట్టుకుంది. వంకలో నీళ్ళు నిలిచే చోట దాన్ని వదిలాం. నేనూ వాచరూ బండను బిందెలతో నీళ్ళు మోసి కడిగాం. బడికి వెళ్ళాక హెడ్ మేడం కొత్త పద్ధతి పెట్టారు. "నైవేద్యం అంటే చూపించి మనం తినడం. ఎక్కడో వదిలేసి రావడం కాదు." చిక్కీలు అక్కడే తినాలి, సబ్బుతో చేతులు కడగాలి, కాగితాలు బుట్టలో వేయాలి. అందరం చూస్తుండగా పెద్ద పిల్ల ఇన్ని నెలల్లో మొదటిసారి చిక్కీ కొరికింది.

"ఎట్లుండాది?" అన్నాను.

నములుతూ చెప్పింది. "వాసన కంటే బాగుండాది సార్."

అసలు పరీక్ష సాయంత్రం. టపాకాయలు, డప్పు పట్టుకుని మేం నలుగురం పిల్లల వెంట వచ్చాం. రేంజరు గారు కూడా ఉన్నారు. బండ కనిపించే చోట, దూరంగానే ఆగాం. అది అప్పటికే వచ్చేసింది. బండ మీద తొండంతో తడిమింది. కడిగిన చోటే మళ్ళీ మళ్ళీ తడిమింది. తల తిప్పి మా వైపు చూసింది. తొండం పైకెత్తి గాలిలో వెతికింది. ఆ తొండం వెతుకుతున్నది పిల్లల సంచుల కోసమని మా అందరికీ తెలుసు. రేంజరు గారు అగ్గిపుల్ల తీసి పెట్టె పక్కకు ఆనించి పట్టుకున్నారు. పెద్ద పిల్ల వాచరు తువ్వాలు కొస రెండు చేతులతో పట్టుకుంది. పెదాలు కదులుతున్నాయి. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది.

"పోయిరా సామీ. మీ అమ్మ ఎదురుసూస్తాంటాది."

అది తొండం దించింది. ఇంకాసేపు నిలబడింది. తర్వాత మెల్లగా చెట్ల లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొన్ని రోజులు వచ్చి చూసి పోయేది. రాగా రాగా రావడం మానేసింది. బాట మూయలేదు. బెంగుళూరు నుంచి తండ్రి రాలేదు. నిజం చెప్పాలంటే, ఖాళీ బండ తడిమి వెళ్ళిపోయిన ఆ ఏనుగును తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అది కూడా ఆ పిల్లలతో పాటు వేళకు వచ్చేదే కదా.

నేను రిటైరయ్యే నాటికి ఆ పిల్ల పదో తరగతికొచ్చింది. ఆఫీసులో శాలువా కప్పి, మైకులో నాలుగు మాటలు మాట్లాడి పంపించారు. అది ముగించుకుని, బైకు పల్లెలో పెట్టి, చివరిసారి ఆ బాటన బడికి నడిచి వెళ్ళాను. పిల్లలు చుట్టూ మూగారు. పెద్ద పిల్ల చిక్కీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సామికి పెట్టొద్దంటిరి. మీకు పెట్టచ్చు గదా సార్?"

నాకు షుగరు. తిన్నాను. సగం తిని, మిగతా సగం జేబులో వేసుకుని, వాళ్ళ బడి వదిలేలోగా ఒంటరిగా వెనక్కి బయలుదేరాను. బండ దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. అంత గొడవ జరిగాక బీటు ఆఫీసరే ఆ పని చేస్తే ఇంకేమైనా ఉందా! గబగబా ఆ ముక్క కూడా నోట్లో వేసుకున్నాను. కానీ ఉత్త చేతులతో వెళ్ళిపోవడానికి మనసొప్పలేదు. ఇన్నేళ్ళు నన్నూ ఆ పిల్లల్నీ కాపాడిన అడవి అది. అటూ ఇటూ చూశాను, ఎవరూ లేరు. చెవులు పట్టుకుని, మోకాళ్ళ నొప్పులు ఓర్చుకుంటూ గుంజిళ్ళు మొదలుపెట్టాను.

నా వెనక పొదల్లోంచి కిసకిసమని నవ్వులు వినిపించాయి. ఒకప్పుడు నేను దాక్కున్న పొదలే. బడి ఎప్పుడు వదిలారో, నా వెనకే ఎప్పుడు వచ్చి దాక్కున్నారో.

"అట్ల కాదు సార్!" అని అరిచింది పెద్ద పిల్ల. "సేతులు అడ్డంగా మార్సి పట్టుకోవాల. లేకుంటే లెక్కకు రాదు!"

చేతులు మార్చి పట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి తీశాను.